ఎర్రచందనానికే కావలి.. మిగతా మొక్కలకు దిక్కెవరు?
శేషాచలంలో తరిగిపోతున్న అరుదైన వృక్షజాతులు

తిరుపతి: శేషాచలం అనగానే ఎర్రచందనమే గుర్తుకు వస్తుంది. దుంగల పట్టివేత, కూలీల అరెస్టు, గోదాముల్లో వేలం.. ఈ అడవులపై వెలువడే వార్తల్లో అత్యధికం ఇవే. 2015 ఏప్రిల్‌లో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది కూలీలు మరణించిన ఘటన దేశమంతటా చర్చకు దారితీసింది. స్మగ్లింగ్ నిరోధానికి ప్రత్యేక కార్యదళమే ఏర్పాటైంది. ఇంతటి విలువైన చెట్టుకు ఇంతటి కాపలా అవసరమే. కానీ అదే కొండల్లో గొడ్డలి చప్పుడు లేకుండానే మరికొన్ని మొక్కలు తరిగిపోతున్నాయి. వాటికి వేలం లేదు, అందుకే కాబోలు కావలీ లేదు.

పాత చిత్తూరు, కడప జిల్లాల్లో సుమారు 4,755 చదరపు కిలోమీటర్ల అటవీ ప్రాంతాన్ని కేంద్రం 2010లో శేషాచలం జీవావరణ రిజర్వుగా ప్రకటించింది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని మొక్కలు ఇక్కడ ఉండటం అందుకు ఒక ప్రధాన కారణం. వాటిలో ముందుగా చెప్పుకోవలసింది పేరీత.

చట్టంలో ముందు.. నిఘాలో వెనుక

శాస్త్రవేత్తలు సైకస్ బెడోమి అని పిలిచే పేరీత, చూపులకు పొట్టి ఈతచెట్టులా ఉంటుంది. బ్రిటిష్ కాలపు అటవీ అధికారి బెడోమ్ పేరే దీనికి పెట్టారు. వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1991లో సవరించి మొక్కలకూ రక్షణ కల్పించినప్పుడు దేశం మొత్తం మీద జాబితాకు ఎక్కినవి ఆరు రకాలు మాత్రమే. అందులో పేరీత ఒకటి. అడవిలో దీన్ని పెకలించడం, కోయడం నేరం. 2022 సవరణ తర్వాతా ఈ రక్షణ కొనసాగుతోంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒడంబడికలోనూ పేరీతది మొదటి అనుబంధం. ఎర్రచందనానిది రెండోదే. అంటే కాగితం మీద ఎర్రచందనం కన్నా పేరీతకే కట్టుదిట్టమైన రక్షణ ఉంది. అడవిలో పరిస్థితి మాత్రం తలకిందులు.

ఈ మొక్కల్లో ఆడ, మగ వేరువేరు. మగ మొక్క నడినెత్తిన వచ్చే కంకిని బలవర్ధక మందుల కోసం కోసుకుపోతారు. పుప్పొడి రాలకముందే కంకి కోస్తే చుట్టుపక్కల ఆడ మొక్కల్లో గింజ కట్టదు. మొక్క చావదు, పచ్చగానే నిలబడి ఉంటుంది. చూసేవారికి నష్టం జరిగినట్లే తోచదు. సంతతి మాత్రం ఆగిపోతుంది.

దీనికి కార్చిచ్చు తోడవుతోంది. 2014 మార్చిలో తిరుమల కొండల్లో చెలరేగిన మంటలను ఆర్పడానికి వైమానిక దళ హెలికాప్టర్లను రప్పించాల్సి వచ్చింది. అంత పెద్దవి కాకపోయినా వేసవిలో చిన్న మంటలు మామూలే. ముదిరిన పేరీత మంటను తట్టుకుని మళ్ళీ చిగురిస్తుంది. నిరుడు మొలిచిన పిల్లమొక్క మాడి మసైపోతుంది. ఏటా ఇదే జరిగితే మిగిలేవి ముసలి మొక్కలే. కనుక ఎన్ని మొక్కలు ఉన్నాయన్న లెక్క కన్నా, ఎన్ని పిల్లమొక్కలు బతికి బట్టకట్టాయన్నదే అసలు లెక్క.

పండు, బంక, గడ్డ

మిగతా జాతుల కథ ఒక్కొక్కటి ఒక్కో తీరు. నేరేడుకు దగ్గరి బంధువైన మొగి చెట్టు పండ్లు స్థానికంగా అమ్ముడుపోతాయి. చెట్టుకు హాని లేకున్నా పండ్లన్నీ బుట్టకెక్కితే నేలకు చేరే గింజ ఉండదు. 1961లో శాస్త్రలోకానికి పరిచయమైన కొండసాంబ్రాణికి బంక కోసం గాట్లు పెడతారు. గాట్లు మితిమీరితే చెట్టు నీరసించి ఎండిపోతుంది. తంబజాలారి మాను నిటారుగా పెరగడమే దానికి శాపమైంది, ఆలయ ధ్వజస్తంభాలకు, ఇళ్ళ కలపకు దాన్ని వాడుతూ వచ్చారు. అన్నిటికన్నా దయనీయం మారేడుగడ్డ. నన్నారి షర్బత్తుకు, పచ్చళ్ళకు పనికొచ్చే ఈ గడ్డను తవ్వితే తీగ మొదలంటా పోయినట్లే.

వీటిని సేకరించేవారిలో యానాదులు, కొండ దిగువ పల్లెల పేదలు ఉన్నారు. ధర నిర్ణయించేది మాత్రం వ్యాపారి. నిషేధం పేరిట సేకర్తనే పట్టుకుంటే అతని పొయ్యి ఆరుతుంది, వ్యాపారి మరో మనిషిని వెతుక్కుంటాడు. ఏ చెట్టు ఏ గుట్టమీద ఉందో తెలిసినవాడిని దొంగగా చూడటం కన్నా కాపలాదారుగా నియమించుకోవడం తెలివైన పని. అతనికి కూలి గిట్టాలి, అంతే.

ఇందుకు చట్టం లేదా అంటే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలో కమిటీ ఉండాలని, ఊరి జీవసంపదను ప్రజల రిజిస్టరులో నమోదు చేయాలని చెబుతోంది. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెడితే గానీ ఈ పనిలో కదలిక రాలేదు. గడువు కోసం నింపిన రిజిస్టరులో పేరుండటం వేరు, సేకరణకు హద్దులు గీయడం వేరు. చెట్టుకు ఎన్ని పండ్లు వదలాలి, ఏ గుట్టను ఎన్నేళ్ళు తాకకూడదు అన్నది కమిటీయే తేల్చాలి.

తిరుమల కొండపై ఒకప్పుడు నాటిన ఆస్ట్రేలియా తుమ్మ స్థానంలో స్థానిక జాతులను పెంచే యత్నం మంచిదే. అయితే స్థానిక జాతులంటే వేప, రావి మాత్రమేనా? తంబజాలారి వంటి సాల వర్గపు చెట్ల విత్తనాలు రాలిన కొద్దిరోజులకే మొలకెత్తే శక్తిని కోల్పోతాయి. వాటిని వెంటనే ఏరి, వెంటనే నర్సరీకి చేర్చాలి. టెండరు పిలిచి మొక్కలు కొనే పద్ధతిలో ఇది సాగదు.

ఫిబ్రవరి నాటికి శేషాచలంలో ఆకు రాలి నేలంతా ఎండుటాకులు పరుచుకుంటాయి. పేరీత ఉన్న గుట్టల చుట్టూ అగ్నినిరోధక బాటలు ఆలోగానే శుభ్రం కావాలి.