పడవ, పాస్‌పోర్టు, చిరునామా

గత మాసంలో ఒక సోదరుని లేఖ మాకు అందింది. ఆయన స్వస్థలం గుంటూరు. మొదట కెనడాలోను, తరువాత బ్రిటన్‌లోను స్థిరపడి ఆ రెండు దేశాల పౌరసత్వాలనూ పొందారు. ప్రస్తుతం ఉద్యోగరీత్యా భార్యాబిడ్డలతో ఖతర్‌లో నివసిస్తున్నారు. బ్రిటన్‌లో ఉన్న కాలంలో కొన్న మోటారు పడవ ఒకటి స్పెయిన్ దక్షిణ తీరంలోని రేవులో ఉన్నది. వేసవి సెలవుల్లో కుటుంబమంతా అక్కడికి వెళుతుంది. బీమా గడువు ముగిసింది. కొత్త దరఖాస్తులో ‘మీ నివాసం ఎక్కడ?’ అన్న గడి వద్ద ఆయన కలం ఆగిపోయింది. “పాస్‌పోర్టు బ్రిటిష్‌దే కదా, లండన్‌లోని తమ్ముడి చిరునామా వ్రాసెయ్యి” అని మిత్రులు సలహా ఇచ్చారట. అలా వ్రాయవచ్చునా? అసలు బీమాయే ధర్మసమ్మతమా? ఇవీ ఆయన ప్రశ్నలు.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. భారత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. పరదేశ పౌరసత్వం స్వచ్ఛందంగా స్వీకరించిన నాడే భారత పౌరసత్వం పోతుంది. మనవారిలో చాలామంది పొందుతున్న ఓసీఐ కార్డు రాకపోకలకు, నివాసానికి సౌకర్యమే గాని పౌరసత్వం కాదు. కనుక ఈ సోదరుని రెండు పౌరసత్వాలు కెనడా, బ్రిటన్‌లవే. అయితే పడవ బీమా విషయంలో పాస్‌పోర్టుల సంఖ్య అంత ముఖ్యం కాదు. పడవ ఏ దేశపు పతాకం క్రింద నమోదైంది, ఏ రేవులో ఉంటుంది, ఏ జలాల్లో తిరుగుతుంది, యజమాని వాస్తవంగా ఎక్కడ నివసిస్తున్నాడు అన్నవే బీమా సంస్థకు కావలసిన వివరాలు.

నివాసాన్ని గూర్చిన ఈ విచారణ మన ఫిఖహ్‌కు కొత్తది కాదు. 1836లో మరణించిన డమాస్కస్ హనఫీ పండితుడు ఇబ్నె ఆబిదీన్ తన ‘రద్దుల్ ముహ్తార్’ గ్రంథంలో ఓడ సరకుల బీమాను చర్చించారు. ఆనాటి వర్తకులు పరదేశీయుల ఓడలను బాడుగకు తీసుకుని, బాడుగకు తోడు ‘సౌకర’ అనే రుసుము కూడా చెల్లించేవారు. సరకు మునిగినా, కాలినా, దోపిడీకి గురైనా ఆ రుసుము పుచ్చుకున్నవాడు నష్టం భరించేవాడు. ఆ పరిహారం తీసుకోవడం వర్తకునికి ధర్మసమ్మతం కాదని ఆయన తేల్చారు. అంతటితో ఆగక, ఒప్పందం ఏ గడ్డపై కుదిరింది, పక్షాలు ఎక్కడి నివాసులు అని విచారించి, ఆ భేదాలను బట్టి వేరు తీర్పులు కూడా చెప్పారు.

1985లో జెడ్డాలోని అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ, నిర్ణీత ప్రీమియంపై నడిచే వాణిజ్య బీమా ధర్మవిరుద్ధమని, పరస్పర సహకారంపై నడిచే బీమా ధర్మసమ్మతమని తీర్మానించింది. తకాఫుల్ అనేది ఆ రెండవ కోవకు చెందినదే. సభ్యులు విరాళంగా ఇచ్చిన నిధి నుంచి ఆపదలో ఉన్నవారికి చెల్లిస్తారు. ఆ నిధి వడ్డీలో పెరగరాదు. అయితే చట్టం నిర్బంధించిన చోట వ్యక్తికి వేరు దారి లేదు గనుక పండితులు సామాన్యంగా సడలింపు ఇస్తారు. స్పెయిన్‌లో మోటారు పడవ వల్ల ఇతరులకు కలిగే హానికి బీమా చేయించడం తప్పనిసరి. కనుక ఆ మేరకు మన సోదరుడు సంకోచించనక్కరలేదు. స్వంత పడవ నష్టానికి చేయించుకునే బీమా మాత్రం ఐచ్ఛికం. తకాఫుల్ దొరికితే దానినే ఎంచుకోవాలి. దొరకకపోతే నమ్మకమైన ఆలిమ్‌తో సంప్రదించి నిర్ణయించుకోవాలి.

ఇక చిరునామా విషయం. ఇక్కడ మాకు ఏ సందిగ్ధమూ లేదు. బ్రిటిష్ చట్టం ప్రకారం బుద్ధిపూర్వకంగా తప్పుడు వివరం ఇచ్చినవాని ఒప్పందాన్ని బీమా సంస్థ రద్దు చేయవచ్చు. చెల్లించిన ప్రీమియంను సైతం తిరిగి ఇవ్వనక్కరలేదు. రేపు ఆ పడవ ఈత కొడుతున్న ఎవరి బిడ్డనైనా గాయపరిస్తే? చేతిలో కాగితం ఉంటుంది, పరిహారం ఉండదు. మదీనా బజారులో దైవప్రవక్త (సల్లం) ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి, లోపలి తడిని బయటపెట్టి, మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించిన ఘటన మనకు తెలిసినదే. ఈ దరఖాస్తులో రెండు పాస్‌పోర్టులు పైనున్న పొడి గింజలు. తమ్ముడి చిరునామా అడుగున దాచిన తడి.

నిజం వ్రాస్తే దారి మూసుకుపోతుందా? లేదు. బ్రిటన్‌లో చిన్న పడవల నమోదుకు మూడవ భాగం అనే చౌకైన పట్టిక ఉన్నది. ఏడాదిలో కనీసం 185 రోజులు ఆ దేశంలో నివసించేవారికే అది వర్తిస్తుంది. ఖతర్‌లో కాపురమున్న మన సోదరునికి ఆ అర్హత ఇప్పుడు లేదు. అయితే మొదటి భాగం విదేశాల్లో నివసించే బ్రిటిష్ పౌరులకూ తెరిచే ఉన్నది. పడవ కొలతలు తీయించాలి, యాజమాన్య పత్రాలు చూపాలి, ఖర్చు కొంత ఎక్కువ. యజమాని బ్రిటన్‌లో లేనప్పుడు అక్కడ నివసించే ఒక ప్రతినిధిని నియమించాలి. ఆ ప్రతినిధిగా తమ్ముడినే చూపవచ్చు! దొంగచాటుగా వ్రాయబోయిన అదే చిరునామాకు చట్టంలో గౌరవప్రదమైన గడి ఒకటి ముందే ఉన్నది. ఆ పైన ఖతర్ నివాసాన్ని, స్పెయిన్ రేవును దాచకుండా తెలిపి, విదేశవాసులకు బీమా ఇచ్చే సంస్థను వెతకాలి. పడవ పాతదైతే నిపుణుని తనిఖీ నివేదిక కూడా అడుగుతారు. దానిని సిద్ధం చేసుకోవాలి. ప్రీమియం కొంత పెరగవచ్చు. ఆ అదనపు సొమ్మును నిజాయితీకి చెల్లించిన వెలగా భావించాలి.

సూరె కహఫ్‌లో పేదల పడవ ఒకటి ఉన్నది. ముందున్న రాజు మంచి పడవలన్నింటినీ బలవంతంగా లాక్కుంటున్నాడు గనుక ఖిజర్ (అలైహిస్సలాం) దానికి లోపం కలిగించారు. మూసా (అలైహిస్సలాం)కు అది నష్టంగా తోచింది. నిజానికి ఆ లోపమే పడవను కాపాడింది. నిజం చెప్పడం వల్ల కలిగే చిన్న నష్టం కూడా అటువంటిదేనని మా విశ్వాసం. ఒంటెను కట్టివేసి, ఆ పైన అల్లాహ్‌పై భారం వేయాలని దైవప్రవక్త (సల్లం) బోధించారు. ఆ కట్టే తాడు అబద్ధంతో పేనినది కారాదని మాత్రమే మా మనవి.