ఆ వాసన తోలుది కాదు

ఈ వానాకాలం మొదట్లో హైదరాబాదులో ఒక సాహిత్య సమావేశం అయిపోయాక, నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దావిడ ఒకరు నన్ను పక్కకు పిలిచి ఓ సంచి చేతిలో పెట్టారు. స్త్రీల రచనల గురించి గట్టిగా మాట్లాడే మనిషి, నాకు గౌరవం ఉన్న మనిషి. తోలు సంచి అది. భుజానికి వేసుకునేది, గోధుమరంగు, ఇత్తడి బకిల్స్. "మా పెద్దమ్మాయిదమ్మా. అమెరికా వెళ్తూ బీరువాలో పడేసి పోయింది. మంచి తోలు, పారేయడానికి మనసొప్పడం లేదు. నువ్వు వాడుకో. కాస్త వాసనొస్తోందనుకో... అది పోగొట్టడం మీవాళ్ళకి తెలిసే ఉంటుంది కదా!" అన్నారు.

మీవాళ్ళకి.

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో ఏ ద్వేషమూ లేదు. ఉండి ఉంటే నా పని సులువయ్యేది. ప్రేమగానే అన్నారు. నేనూ "థ్యాంక్స్ మేడం" అనేసి సంచి తీసుకున్నాను. తీసుకున్నందుకు నా మీద నాకే ఇంకా కోపంగా ఉంది. ఆ పొద్దున నేను చదివిన పేపర్ సెషన్‌కి అధ్యక్షురాలు ఆవిడే. మాదిగ స్త్రీల పనిపాటలు మన కథల్లోకి ఎట్లా వచ్చాయి, ఎట్లా రాలేదు అన్నది నా అంశం. పేపర్ అయ్యాక ఆవిడ ఒక్క ప్రశ్నా అడగలేదు. సాయంత్రం అడిగిన మొదటి ప్రశ్న ఇది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, తోలుపని చేసిన ఇంటి మనవరాలిని. ఈ రెండింట్లో ఆవిడకి ఏది పనికొచ్చింది?

మందమర్రి వచ్చే రైల్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. జిప్పు తీస్తే చాలు, ముక్కిన బియ్యం డబ్బా మూత తీసినట్టు గుప్పున కొట్టింది. ఎదురు సీటామె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "తోలు గదా, గట్లనే ఉంటది" అని పక్కామెకి చెప్పింది.

ఉండదు. అది చెప్పడానికే ఈ వ్యాసం.

ఇంటికొచ్చి అమ్మా నేనూ సంచిని వాకిట్లో పెట్టి బోర్లించాం. బయటి తోలు మీద తెల్లటి బూజు పొర పలచగా, అక్కడక్కడా మాత్రమే ఉంది. పొడిబట్టతో తుడిస్తే పోయింది. తుడిచాక ముక్కు దగ్గర పెట్టుకుంటే తోలు వాసన మామూలుగానే ఉంది. మరి ఆ కంపు ఎక్కడిది? అమ్మ చెయ్యి లోపల పెట్టి అస్తరు బయటికి లాగింది. అది నూలుగుడ్డ. దాని వెనక గట్టిదనం కోసం అతికించిన అట్టముక్క, ఆ అట్టని పట్టి ఉంచిన జిగురు. గుడ్డ మీద నల్ల చుక్కలు, అట్ట మెత్తబడి పొరలు పొరలుగా ఊడొస్తోంది. వాసనంతా అక్కడే కాపురం ఉంది. తోలు సంచి అనగానే అందరి ముక్కూ తోలు మీదికే పోతుంది. లోపల గుడ్డ ఉందని, అట్ట ఉందని ఎవరికీ గుర్తుండదు.

పాత తోలు సామానుకి పట్టే ముక్కవాసన బూజుది. గాలిలో తేమ డెబ్బై శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే, గాలాడని బీరువాలో ఏ వస్తువైనా బూజు పడుతుంది. తోలైనా, పుస్తకమైనా, పట్టుచీరైనా. అంటే అది వస్తువు సొంత వాసన కాదు, వస్తువుని ఉంచిన తీరుది. ఏళ్ళ తరబడి బీరువా తెరవని ఇంటిది. ఇంత మామూలు సంగతి ఆ మేడంకి తెలియదా? వాళ్ళ పట్టుచీర ముక్కితే 'చీర వాసన' అనరు, 'బీరువా వాసన' అంటారు. తోలు దగ్గరికొచ్చేసరికి బీరువా తప్పించుకుంటుంది.

ఇక పోగొట్టే పద్ధతి. నన్ను అడిగారు కాబట్టి చెప్తాను, కానీ మా కులరహస్యంగా కాదు. ముందు ఆరుబయట పొడి బ్రష్‌తో బూజు దులపాలి. ఇంట్లో దులిపితే ఆ పొడి మళ్ళీ ఇంకోదాని మీద వాలుతుంది. తర్వాత స్పిరిట్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి, గట్టిగా పిండి తుడవాలి. రంగు పోతుందేమో ముందు ఓ మూల చూసుకోవాలి. నీళ్ళలో ముంచకూడదు. ఎండలో పడేయకూడదు, తోలులో నూనె ఎండిపోయి పెళుసెక్కి పగుళ్ళిస్తుంది. గాలాడే నీడలో మూడు నాలుగు రోజులు నోరు తెరిచి వేలాడదీయాలి. వంటసోడా గుడ్డలో మూటగట్టి లోపల పెట్టొచ్చు, తోలుకి నేరుగా రాయకూడదు. సెంటు కొట్టడం శుద్ధ దండగ, రెండు వాసనలవుతాయంతే. కట్టెబొగ్గు ముక్కలు కూడా వాసన లాగుతాయి. ఇక్కడో సంగతి. మందమర్రిలో బొగ్గుకేం కరువని మా చిన్నప్పుడు గని బొగ్గు పెళ్ళలు తెచ్చి బూట్లలో పెట్టేవాళ్ళం. అది పని చెయ్యదు. కట్టెబొగ్గుకి ఒళ్ళంతా సన్నటి రంధ్రాలుంటాయి, వాసన వాటిల్లో చిక్కుకుంటుంది. గని బొగ్గుది ఆ తీరు కాదు. తెల్లారి చూస్తే బూట్ల వాసన అట్లనే ఉండేది, అదనంగా మసి. చివరగా, బాగా ఆరిన తోలుకి పలచగా నూనె పట్టించాలి. మావాళ్ళు ఆముదం రాసేవాళ్ళు. అస్తరు ముక్కిపోతే మాత్రం ఉతికి ప్రయోజనం లేదు, విప్పి మార్చడమే.

ఇందులో సగం నాకు మా నాయినమ్మ దగ్గర తెలిసింది, సగం పుస్తకాల్లో. మిగతావాళ్ళు కూడా పుస్తకాల్లో చూసుకోవచ్చు కదా!

మా తాత కరీంనగర్ వైపు పల్లె నుంచి సింగరేణికి వచ్చాడు. రాకముందు మోటబావులకి తోలు బొక్కెనలు కుట్టేవాడు. మోట బొక్కెన అంటే నీటిలో మునిగి, బరువుతో పైకి లేచి, రోజుకి వందలసార్లు ఒంగి లేచే తోలు. కుట్టు దగ్గర నీళ్ళు కారితే రైతు ఊరుకోడు. అట్లాంటి తోలు తయారుచెయ్యడం రసాయన శాస్త్రం కాక మరేమిటి? పచ్చితోలుని సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుక ఊడదీసి, లోపలి కండ గీకి, కడిగి, తంగేడు చెక్క, కరక్కాయ దంచి నానేసిన లందలో వారాల తరబడి ఉంచాలి. తోలుని సంచిలాగా కుట్టి, అందులో చెక్క రసం నింపి వేలాడదీసే పద్ధతీ ఉంది. చెక్కలోని టానిన్ తోలులోని మాంసకృత్తుల్ని పట్టి బిగిస్తుంది. అప్పుడది కుళ్ళదు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్'లో తోలుపనివాళ్ళకి ఒక అధ్యాయం ఇచ్చి దీన్ని జ్ఞానంగానే చెప్పారు. మన సాహిత్య విభాగాల్లో ఎంతమంది అది చదివించారో!

అయితే ఈ కథలో కూడా 'తాత' ఒక్కడే ఉన్నాడని గమనించారా? నేనూ అట్లాగే మొదలుపెట్టాను చూడండి. ఆరె పట్టింది తాత. తంగేడు చెక్క ఒలిచి మోసుకొచ్చింది, దంచింది, లందకి నీళ్ళు పోసింది నాయినమ్మ. పేరు ఆరెకి, వాసన ఆమె చేతులకి. "నానబెట్టి యాది మరిచినోని ఇల్లు కంపు గొడ్తది గని, తోలు ఎందుకు కంపు గొడ్తది బిడ్డా!" అనేది. లంద దగ్గర వాసన రాదని నేను బుకాయించను. వస్తుంది, ఘాటుగా వస్తుంది. కానీ అది పని జరుగుతున్న వాసన. పని పూర్తయిన తోలుకి అది ఉండదు. చెప్పులు కొనుక్కున్నవాళ్ళకి పూర్తయిన తోలు మిగిలింది, చేసినవాళ్ళకి లంద వాసన పేరుగా మిగిలింది. మూడు తరాల తర్వాత, ఎవరింట్లోనో బీరువాలో పట్టిన బూజుకి కూడా మమ్మల్నే వెతుక్కుంటూ వస్తున్నారు.

తంగేడు సంగతి ఎత్తాను కాబట్టి ఒక మాట. 2014లో తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. సంతోషం. బతుకమ్మలో తంగేడు లేకపోతే నాకూ బతుకమ్మ అనిపించదు. కానీ ఒకే చెట్టు పువ్వు పళ్ళెంలోకి, చెక్క లందలోకి పోయింది. పువ్వు మీద వచ్చిన పాటలు, వ్యాసాలు, కవర్ పేజీలు చూశాను. చెక్క మీద వచ్చింది నా కంట పడలేదు.

అసలు నా పోట్లాట మన విమర్శతో. దళిత స్త్రీల కథో కవితో వస్తే మనం ఏం రాస్తాం? 'మట్టి వాసన గుబాళించే రచన' అంటాం. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో 'నల్లపొద్దు' వచ్చింది, 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల సాహిత్యం ఒక్కచోట చేరింది. అంత పని జరిగాక కూడా మన మెచ్చుకోలు మాట మారలేదు. మట్టి వాసన అనడం తేలిక. తొలకరికి మట్టి అందరికీ వాసనొస్తుంది, ముక్కు మూసుకోనక్కర్లేదు. 'ఈ కథలో లంద వాసన ఉంది' అని మెచ్చుకున్న సమీక్ష ఒక్కటి చూపించండి. చూపిస్తే ఈ పేరా వెనక్కి తీసుకుంటాను.

ఇంకో తమాషా చూడండి. తొలకరి మట్టి వాసనకి ముఖ్యకారణమైన పదార్థానికి 1965లో శాస్త్రవేత్తలు జియోస్మిన్ అని పేరు పెట్టారు. గ్రీకులో భూమి వాసన అని అర్థం. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. కొన్ని రకాల బూజులు కూడా అదే పదార్థాన్ని తయారుచేస్తాయి. గోడల చెమ్మవాసనలో, ముక్కవాసనలో దాని పాలుంటుంది. అంటే కవిత్వ సమీక్షలో గుబాళించేది, సంచిలో కంపుకొట్టేది, దగ్గరి చుట్టాలు. ఏది గుబాళింపో ఏది కంపో ముక్కు ఒక్కటే తేల్చడం లేదు మరి.

పాతవి ఇవ్వడం గురించి కూడా మాట్లాడుకోవాలి. నాకు పాత వస్తువంటే చిన్నచూపు లేదు. గనిలో దిగే మా నాయిన బూట్లు పాతబడితే ఊళ్ళో పెదనాయినకి పోయేవి, పొలం పనికి. గనిలో నీళ్ళలో నాని, చెమటలో నాని వచ్చే బూట్లని అమ్మ పాత పేపర్లు కుక్కి ఆరబెట్టి, నూనె రాసి, అప్పుడు పంపేది. ముక్కవాసనతో ఏనాడూ పంపలేదు. "ఇచ్చేది మంచిగ జేసి ఇయ్యాలె" అనేది. ఇంటాయన గని నుంచి తెచ్చిన మసీ, తడీ, చెమటా వదలగొట్టడం ఈ బొగ్గు ఊళ్ళల్లో ఆడవాళ్ళ రెండో షిఫ్టు. 1952 గనుల చట్టం ఆడవాళ్ళని భూమి లోపలి పనికి రానివ్వలేదు, 2019లో గానీ ఆ తలుపు కాస్త తెరుచుకోలేదు. కానీ గని వాసన మాత్రం ఏనాడూ వాళ్ళ ఇంటి గడప దగ్గర ఆగలేదు. దానికి మస్టరూ లేదు, బోనసూ లేదు. పత్రికల మహిళల పేజీల్లో 'చిట్కాలు' అని వచ్చేదంతా ఈ పనే కదా. చిట్కా అన్న చిన్నమాటలో ఆ పని ఎంత బాగా దాక్కుంటుందో! అదే పని ఒక కులం ఆడదాన్ని అడిగితే 'మీవాళ్ళకి తెలుసు' అవుతుంది.

అందుకే నాకు సంచి ఇవ్వడం మీద కాదు అభ్యంతరం. బూజుతో సహా ఇచ్చి, బూజు దులిపే పనిని కూడా కానుకలో కలిపి ఇచ్చినందుకు. పైగా ఆ పని నా నెత్తుట్లో ఉందనుకున్నందుకు. స్త్రీలకి వంట పుట్టుకతో వస్తుందంటే మనం ఎంత గొడవ చేశాం! చెయ్యాల్సిందే, నేనూ చేశాను. మరి తోలుపని పుట్టుకతో వస్తుందనుకోవడం ఏమిటి? నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు. మా అమ్మ నన్ను పట్టుబట్టి చదివించింది ఆరె పట్టకూడదనే. ఆ పనిని ఆమె తక్కువ చెయ్యలేదు. ఆ పనితో పాటు వచ్చే చూపు నా దాకా రాకూడదనుకుంది. ఆ చూపు సాహిత్య సమావేశంలో, టీ విరామంలో, ఇత్తడి బకిల్స్ పెట్టుకుని వచ్చింది.

"ఆమెకు కూడా మనసుంటది, మాట తప్పిందేమో" అంది అమ్మ, సంచి తుడుస్తూ. కావచ్చు. కానీ ఇట్లా తప్పిన మాటలన్నీ ఒకే వైపుకి ఎందుకు తప్పుతాయి?

సంచి ఇప్పుడు బాగుంది. మార్కెట్‌లో టైలర్ దగ్గర కొత్త అస్తరు వేయించాను, ముదురు నీలం గుడ్డ, కూలీ నేనే ఇచ్చాను. ఆముదం పట్టించాక తోలు నిగనిగలాడుతోంది. నిన్న మేడం ఫోన్ చేశారు, "వాసన పోయిందా తల్లీ?" అని. పోయిందన్నాను. పాత అస్తరు గుడ్డా, మెత్తబడిన ఆ అట్టముక్కా పారేయలేదు, ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టాను. సంచి నేను వాడుకుంటాను. ఆ కవరు మాత్రం ఈ వ్యాసం అచ్చయిన సంచికతో పాటు వాళ్ళింటికి పంపిస్తాను.