బిందె మీద పేరు కొట్టిస్తం, మట్టి సంచి మీద రాయమా?



మన దిక్కు బిడ్డ పెండ్లికి బిందె కొంటే, దాని మీద పేరు కొట్టియ్యకుండ ఇంటికి తెస్తమా? తేము. నలుగురి గిన్నెలు కలిసినప్పుడు మనది మనకు రావాలె గద. మార్కెట్ల వడ్ల బస్తాలకు రంగుతోని గుర్తు పెడ్తం. ఇన్ని తెలిసిన మనం మట్టి పరీక్షకు సంచి ఇచ్చేటప్పుడు మాత్రం "వాళ్లే రాసుకుంటరు తీ" అని చేతులు దులుపుకొని వస్తం. ఆ నిర్లక్ష్యం నాకెంత పడ్డదో చెప్తా.

రెండేండ్ల కింద మూడు చోట్ల మట్టి తీసిన. సదర్మట్ కాలువ కింద వరి మడి, ఊరి పక్క పసుపు చేను, ఇంకోటి పత్తి వేసే నల్లరేగడి. మూడు కవర్లల్ల మూడు చీటీలు పెన్నుతోని రాసి లోపల వేసిన. వరి మడి మట్టి ఇంకా పచ్చిగనే ఉండె. చీటీ నాని సిరా కారిపోయింది. రిపోర్టులు మూడూ వచ్చినయి, పసుపు చేనుల జింకు తక్కువున్నదని ఉన్నది. నేను నమ్మి జింక్ సల్ఫేట్ కొని పసుపుకు వేసిన, వరికి వేయలే. నాటేసిన ఇరవై రోజులకు వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు. ఏఈఓ సారు వచ్చి చూసి "ఇది జింకు లోపం, రిపోర్టుల లేదా?" అన్నడు. ఉన్నది, కాని పసుపు చేను పేరు మీద ఉన్నది! మళ్ల మందు తెచ్చి పిచికారి చేసిన గని, ఎనుకబడ్డ పైరు ఎనుకబడ్డట్టే ఉండె.

పరీక్ష తప్పు కాదు. పేరు తప్పు. అందుల సగం తప్పు నాది. చీటీ చదవరాకున్నా ఫోన్ చేసి అడగకుండ అందాజగ రాసుకున్నోళ్లది మిగిలిన సగం.

ల్యాబుల ఏం జరుగుతదో తెలిస్తే ఈ గుర్తు విలువ తెలుస్తది. మన సంచి పోంగనే రిజిస్టర్ల ఎక్కించి ఒక ల్యాబ్ నంబర్ ఇస్తరు. ఇగ అక్కడి నుంచి మన పేరు ఉండది, నంబరే ఉంటది. మట్టిని నీడకు ఆరబెట్టే ట్రే మీద ఆ నంబర్ ఉండాలె. దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టినంక పోసే డబ్బా మీద ఉండాలె. పీహెచ్ చూసే గ్లాసు మీద, వడగట్టిన నీళ్లు పట్టే సీస మీద, ఆఖరుకు కాగితం మీద కూడ అదే నంబర్ ఉండాలె. గ్లాసులన్నీ ఒక్క తీరుగనే ఉంటయి, అందుల నీళ్లూ ఒక్క తీరుగనే కనిపిస్తయి. నడుమ ఒక్క ట్రే అటిటు జరిగితే ఎంత పెద్ద మిషన్ పెట్టి చూసినా నీ మట్టి నాది, నా మట్టి నీది.

పరికరాలకు కూడ చీటీ ఉండాలె. పీహెచ్ మీటర్‌ను తెలిసిన ద్రావణంతోని సరిచూస్తరు. 7 పీహెచ్ ద్రావణంల పెడితే 7 చూపియ్యాలె. ఆ సీస మీద ఎప్పుడు చేసింది, మీటర్ మీద ఎప్పుడు సరిచూసింది రాసి ఉండాలె. దుకాణంల కాంటాకు ముద్ర ఉన్నదా అని చూస్తం గద, ఇదీ అంతే. ప్రయోగశాలలకు ఐఎస్ఓ 17025 అని ప్రమాణం ఉన్నది. నమూనా ఎవరిదో కలవకుండ గుర్తుండాలె, పరికరం సరిచూసిందో లేదో తెలిసేటట్టు గుర్తుండాలె అని దాంట్లనే చెప్పిన్రు.

ఇంకో ముచ్చట. 2015 ఫిబ్రవరి 19న సూరత్‌గఢ్‌ల ప్రధాని భూసార కార్డుల పథకం మొదలు పెట్టిండు. పన్నెండు రకాల లెక్కలుండే మంచి కార్డు అది. కాని మొదట్ల తరి భూమికి రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా, మెట్టకు పది హెక్టార్లకు ఒక నమూనా తీసిన్రు. పది హెక్టార్లంటే ఇంచుమించు పాతికెకరాలు. అందుల ఉన్న రైతులందరికీ అవే అంకెలు. కార్డు మీద పేరు నాది, మట్టి పక్క చేనుది! అందుకే చానమంది "కార్డు ఉత్తదే" అని అటకెక్కిచ్చిన్రు. దేశమంత తిరగాలంటే అట్ల తీసుడు తప్పకపోవచ్చు, ఒప్పుకుంటా. కాని ఆ మట్టి ఏ సర్వే నంబర్లదో కార్డు మీద పెద్ద అక్షరాలతోని రాస్తే రైతు మోసపోయినట్టు అనుకోడు గద.

నా మాట ఒక్కటే. ఎన్ని కార్డులు ఇచ్చిన్రని లెక్క కాదు, ఏ కార్డు ఏ చేనుదో లెక్క ఉండాలె. దవాఖానల రక్తం తీసినంక సీస మీద మన ముంగటనే పేరు రాస్తరు. మట్టికి కూడ మన ముంగటనే నంబర్ రాసి, ఆ నంబరున్న రశీదు చేతుల పెట్టాలె. ఇది కోట్లు పెట్టే పని కాదు, ఒక మార్కర్ పెన్ను పని.

మనం చేసేది మనం చేద్దాం. ఎరువు సంచులల్ల మట్టి వేయకుండ్రి. ఎకరంల ఎనిమిది పది చోట్ల జానెడు లోతు తవ్వి తీసి, కలిపి, అర్ధకిలో నీడకు ఆరబెట్టుండ్రి. గట్ల మీద, చెట్ల కింద, పెంటకుప్ప ఉన్న కాడ తీయొద్దు. చీటీలు రెండు రాయుండ్రి, పెన్నుతోని కాదు, పెన్సిల్‌తోని, నానినా చెరిగిపోదు. ఒకటి చిన్న కవర్ల పెట్టి సంచి లోపల, ఒకటి బయట కట్టుండ్రి. పేరు, ఊరు, సర్వే నంబర్, తేదీ, పోయిన పంట, వేయబోయే పంట, ఫోన్ నంబర్ రాయుండ్రి. ఫోన్ల ఒక ఫోటో తీసుకోండ్రి. ల్యాబ్ నంబర్ అడిగి రాసుకోండ్రి. రిపోర్టు రాంగనే ఆ నంబర్, మీ నంబర్ కలుస్తున్నయా చూసినంకనే ఎరువుల దుకాణంకు పోండ్రి.

యాసంగి కోతలు అయినంక, తొలకరి పడకముందు తీస్తే మంచిది. బిందె పోతే ఇంకోటి కొనుక్కుంటం. పంట కాలం పోతే ఏడాది పోతది.