కూడాలా, తీసెయ్యాలా?

మా పక్కవాటా అమ్మాయి మూడో తరగతి. పోయిన సోమవారం నేను బియ్యం ఏరుకుంటూ ఉంటే లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చింది.

"మామ్మగారూ, ఈ లెక్క కూడాలా, తీసెయ్యాలా?"

"ముందు లెక్క చదవవే తల్లీ."

"చదవడం ఎందుకండీ? ఏం చెయ్యాలో చెప్తే చేసేస్తాగా!"

గుమ్మంలోంచి వాళ్లమ్మా వంత పాడింది. "చెప్పేయండి పిన్నిగారూ, రేపు పరీక్ష."

చెప్పలేదు. ఆవిడ ఆనాటి నుంచీ నాతో ముభావంగా ఉంటోంది. ఉండనివ్వండి. 34 ఏళ్లు లెక్కలు చెప్పిన పంతులమ్మని, నా మాట కూడా కాస్త వినండి.

తప్పు పిల్లది కాదు. మాదీ, మీదీ. "మొత్తం" అని ఉంటే కూడు, "మిగిలాయి" అని ఉంటే తీసెయ్. ఈ చిట్కా నేనే వందలమందికి నూరిపోశాను. మార్కులూ బాగానే వచ్చాయి. ఒకరోజు లెక్క కాస్త తిప్పి ఇచ్చాను. రాము తమ్ముడికి 5 గోళీలు ఇచ్చాక ఇంకా 8 మిగిలాయి, మొదట ఎన్ని ఉండేవి? క్లాసులో సగానికి పైగా 3 అని రాశారు! 8 మిగిలినవాడి దగ్గర మొదట మూడే ఎలా ఉంటాయిరా అంటే, "మిగిలాయి అని ఉందిగా టీచర్!" అని నన్నే నిలదీశారు. నిజమే మరి, నేర్పింది నేనేగా.

మన పిల్లలకే తెలివి తక్కువనుకునేరు. 1979-80 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో చిన్నక్లాసుల పిల్లలకి ఒక లెక్క ఇచ్చి చూశారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో చేసి వయసు తేల్చేశారు! జవాబు లేని లెక్క టీచరు ఇవ్వదని వాళ్ల నమ్మకం.

ఇంకో సంగతి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పిల్ల లేచి, "ఇందులో అరటిపళ్ల ధర ఇవ్వలేదు టీచర్, ఎలా చేస్తాం?" అంది. పుస్తకంలో అచ్చుతప్పు. నేను చూసుకోలేదు. ఎదురు మాట్లాడతావా అని బెంచీ ఎక్కించాను. క్లాసు మొత్తానికి లెక్క చదివింది ఆ పిల్ల ఒక్కతే! ఆ ఏడాదంతా మళ్లీ నోరు విప్పలేదు.

ఇక మీ సంగతి. నలుగురికి ఎసరు పెట్టాక చుట్టాలు ముగ్గురు దిగితే "కూడాలా, హెచ్చవెయ్యాలా" అని ఎవర్నైనా అడుగుతారా? వచ్చినవాళ్లలో పెద్దలెందరో పిల్లలెందరో చూస్తారు, డబ్బాలో రవ్వ ఉందో లేదో చూస్తారు, చారు కాస్త పలచన చేస్తారు (నవ్వకండి, నేనూ చేశాను). లెక్క చెయ్యడమంటే అదే కదూ! అంత నేర్పరి అయిన ఇల్లాలు పిల్ల పక్కన కూచునేసరికి రెండు నిమిషాలు ఓపిక పట్టలేదు. పెన్సిలు లాక్కుని తానే చేసేస్తుంది. లేదంటే ట్యూషను. అదీ కాకపోతే ఫోనుతో ఫొటో తీస్తే చాలు, మెట్లతో సహా జవాబు వచ్చి పడుతుంది. పిల్ల ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకుంటుంది. పదికి పది!

మార్కులు వద్దనడం లేదండీ. పిల్ల పెన్సిలు కొరుకుతూ దిక్కులు చూస్తోందంటే ఏదో ఆలోచిస్తోందేమో, కాస్సేపు చూడనివ్వమంటున్నాను.

నిన్న ఆ పిల్ల తనంతట తనే వచ్చింది. "మామ్మగారూ, పరీక్షలో నేను తీసేశానండీ, తప్పు. బస్సులోంచి దిగినవాళ్ల కంటే ఎక్కినవాళ్లే ఎక్కువ కదా, మరి జనం ఎలా తగ్గుతారు?" అంది. రెండు మార్కులు పోయాయిట. వాళ్లమ్మ ఇంకా నాతో మాట్లాడటం లేదు.