పిల్లలను మందుతో నిద్రపుచ్చకండి

ఆసుపత్రిలో ఉన్న బిడ్డ రాత్రి నిద్రపోవడం లేదని, డాక్టర్‌కు చెప్పకుండా ఏ సిరప్పూ పట్టించకండి. అది జలుబు మందు కావచ్చు, దగ్గు మందు కావచ్చు, ఇంట్లో మిగిలిన పాత సీసా కావచ్చు. ఒక్క రాత్రి నిద్ర కోసం పట్టించిన రెండు చెంచాలు ప్రాణం మీదికి తేవచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో బిడ్డను వార్డులో చేర్చిన ప్రతి తల్లికీ తండ్రికీ, తోడుగా వచ్చిన ప్రతి అమ్మమ్మకూ నానమ్మకూ ఈ మాట చేరాలి.

ఇది ఎలా మొదలవుతుందో వార్డులో ఒక్క రాత్రి గడిపిన వాళ్లందరికీ తెలుసు. బిడ్డ చేతికి సెలైన్ సూది ఉంటుంది. నెత్తి మీద ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. పక్క మంచం మీద ఇంకో పిల్లవాడు ఏడుస్తుంటాడు. బిడ్డకు నిద్ర పట్టదు, తల్లికీ కునుకు ఉండదు. అప్పుడు ఎవరో ఒకరు సంచిలోంచి సీసా తీసి ‘ఇది జరంత తాపియ్యి, తెల్లారేదాంక లేవడు’ అంటారు. వాళ్లు చెడు కోరి చెప్పరు. కానీ జబ్బుతో ఉన్న బిడ్డకు ఆ మాట చేసే హాని పెద్దది.

ఎందుకంటే పసిపిల్లల్లో మత్తే ఒక ప్రమాద సూచన. పిల్లల జబ్బుల చికిత్సలో దేశమంతటా నర్సులకు, ఆరోగ్య కార్యకర్తలకు నేర్పే మొదటి పాఠం ఇదే. తాగలేకపోవడం, తాగిందంతా కక్కడం, మూర్ఛ రావడం, మత్తుగా పడి ఉండటం: ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టే. డెంగీలోనూ మత్తు, విపరీతమైన చిరాకు ప్రమాద సూచనలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తలకు దెబ్బ తగిలినా, మెదడువాపు వచ్చినా నర్సు ముందుగా చూసేది బిడ్డ తెలివిగా ఉన్నాడా లేదా అన్నదే. మీరు సిరప్ పట్టించి పడుకోబెడితే ఆ సూచన కనపడకుండా పోతుంది. ఇది మొదటి ముప్పు. అది జబ్బు వల్ల వచ్చిన మత్తో, మందు వల్ల వచ్చిన మత్తో తేల్చుకునేలోపు విలువైన గంటలు గడిచిపోతాయి.

డెంగీ విషయంలో ఇంకొక జాగ్రత్త. వానలు మొదలైన దగ్గర్నుంచి చలికాలం దాకా మన పిల్లల వార్డులను నింపే జ్వరాల్లో ఇదొకటి. డెంగీలో ఎక్కువ ప్రమాదం జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతున్నప్పుడు. సరిగ్గా అప్పుడే ఇంటివాళ్లు ‘జ్వరం తగ్గింది, ఇక హాయిగా పండుకున్నడు’ అని ఊపిరి పీల్చుకుంటారు. ఆ రాత్రే కళ్లల్లో వత్తులు వేసుకుని చూడాల్సిన రాత్రి.

రెండో ముప్పు ఊపిరికి. నిద్ర తెప్పించే జలుబు మందులు పసిపిల్లల శ్వాసను మందగింపజేయగలవు. ప్రోమెథజైన్ అనే మందును రెండేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే కఠినమైన హెచ్చరిక జారీ చేసింది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని సీసా మీదే ముద్రించాలని 2023 డిసెంబర్‌లో మన దేశ ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు. నిమోనియాతో ఎగశ్వాస పడుతున్న బిడ్డకు ఇలాంటి మందు తాపితే ఏమవుతుందో ఆలోచించండి.

మూడో ముప్పు ఆ సీసాలోనే ఉండవచ్చు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ మృతుల సంఖ్య ఇరవై దాటింది. తమిళనాడులో తయారైన కోల్డ్‌రిఫ్ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని పరీక్షలో తేలింది. ఆ ఏడాది అక్టోబర్‌లోనే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ఆ బ్యాచ్ వాడొద్దని ప్రజలను హెచ్చరించింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, అయిదేళ్ల లోపు వారికి సాధారణంగా అవి తగవని కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2025 అక్టోబర్ 3న డాక్టర్లకు సూచించింది. డాక్టర్లే రాయకూడని మందును పక్క మంచం వాళ్లు ఇస్తే పట్టించవచ్చా?

బ్రాందీ చుక్కలు, కల్లు చుక్క గురించి కూడా సూటిగా చెప్పాలి. పసిపిల్లలకు ఏ మోతాదులోనూ అవి మందు కావు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారన్నది మన రాష్ట్రంలో ఎన్నో కేసుల్లో బయటపడింది. ఇక స్కానింగ్‌కు ముందు బిడ్డ కదలకుండా ఉండేందుకు ఆసుపత్రిలో ఇచ్చే నిద్ర సిరప్ సంగతి. అది బరువు చూసి, మోతాదు లెక్కగట్టి, ఊపిరి గమనిస్తూ ఇచ్చేది. ఆ పేరు గుర్తుపెట్టుకుని బయట కొని మళ్లీ పట్టించకండి.

మంచి నిద్రకూ మత్తుకూ తేడా తెలుసుకోండి. మంచి నిద్రలో ఉన్న బిడ్డను పేరు పెట్టి పిలిచి, తట్టి లేపితే కళ్లు తెరిచి మిమ్మల్ని గుర్తుపడతాడు, పాలో నీళ్లో తాగుతాడు. మత్తులో ఉన్న బిడ్డ లేవడు, లేచినా కళ్లు వాలిపోతాయి, తాగడు. కాళ్లూ చేతులూ చల్లబడినా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే డ్యూటీ నర్సును పిలవండి. ఆమె విసుక్కుంటుందేమోనని జంకకండి. ఇప్పటికే ఏదైనా సిరప్ పట్టించి ఉంటే దాచకుండా సీసాతో సహా చూపించండి.

అయితే బిడ్డకు నిద్ర అక్కర్లేదా? తప్పకుండా కావాలి. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి అయిదేళ్ల వారికి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి 9 నుంచి 12 గంటలు నిద్ర అవసరం. బిడ్డ కోలుకోవడానికి మందు ఎంత ముఖ్యమో నిద్రా అంతే ముఖ్యం. అందుకే నిద్ర పట్టకపోతే ముందు కారణం వెతకాలి. నొప్పి ఉందా? సూది గుచ్చిన చోట వాచిందా? ముక్కు మూసుకుపోయిందా? బట్టలు తడిశాయా? ఆకలేస్తోందా? చాలాసార్లు నొప్పి తగ్గిస్తే నిద్ర అదే వస్తుంది. ఉబ్బసానికి పెట్టే ఆవిరి మందు కొందరు పిల్లలను కాసేపు కుదురుగా ఉండనివ్వదు. స్టెరాయిడ్ మాత్ర రోజుకు ఒక్కసారే అయితే పొద్దున ఇవ్వవచ్చేమో డాక్టర్‌ను అడగండి.

పగలు బిడ్డను కిటికీ వెలుతురులో ఉంచండి, సాయంత్రం పూట కునుకు తీయనివ్వకండి. చాయ్ తాపకండి. చీకటి పడ్డాక ఫోన్ చూపించకండి, ఫోన్ మోగకుండా పెట్టుకోండి. ఇంట్లో కప్పుకునే దుప్పటి, ఆడుకునే బొమ్మ తెచ్చుకోండి. ఇంట్లో పాడే జోలపాటే ఇక్కడా పాడండి. ఏడాది లోపు పసికందును వెల్లకిలా పడుకోబెట్టండి, దిండు వద్దు. బిడ్డ నిద్రలో ఉన్నాడని రాత్రి పరీక్షలను మాత్రం వద్దనకండి.

ఇక ఆసుపత్రుల బాధ్యత. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పిల్లవాడికి జబ్బు ముదిరితే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పరుగెత్తడం తప్ప వేరే దారి లేని కుటుంబాలకు ఇది గొప్ప ఊరట. ఆ కళాశాలల ఆసుపత్రుల్లోని పిల్లల వార్డుల్లో రాత్రి నిద్రకూ ఏర్పాటు ఉండాలి. వార్డుల్లో రాత్రి శబ్దం 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. మామూలు మాటల శబ్దమే 60 డెసిబెల్స్ దాకా ఉంటుంది. తొమ్మిదింటికి పెద్ద లైట్లు ఆర్పడం, వీలైన చోట ఇంజెక్షన్, జ్వరం చూడటం ఒకేసారి ముగించడం, నాలుగింటికే నేల కడగకుండా తెల్లవారాక కడగడం, తల్లికి పడుకునే చోటు ఇవ్వడం: వీటికి కోట్లు అక్కర్లేదు, సూపరింటెండెంట్ ఒక్క ఆదేశం ఇస్తే చాలు. బయటి మందు ఏదీ పట్టించవద్దన్న మాటను బిడ్డను చేర్చుకున్నప్పుడే చెప్పాలి. తండాల నుంచి వచ్చే లంబాడీ తల్లులకు, అడవి పల్లెల నుంచి వచ్చే కోయ తల్లులకు వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలి.

మెడికల్ షాపుల వాళ్లకు, ఆర్‌ఎంపీలకు ఒక విజ్ఞప్తి. పిల్లవాడు నిద్రపోవడం లేదని అడిగిన వాళ్లకు చీటీ లేకుండా సిరప్ ఇవ్వకండి. ఏదైనా మందు మీద అనుమానం వస్తే ఔషధ నియంత్రణ శాఖ ఉచిత నంబర్ 1800-599-6969కు ఫోన్ చేయండి.

తల్లిదండ్రులారా, మీ సంచిలో పాత సిరప్ సీసా ఉంటే ఈ రోజే నర్సుకు చూపించి అప్పగించండి. ఈ రాత్రి బిడ్డ నిద్రపోకపోతే నర్సును పిలవండి, సీసా మూత తీయకండి.