మందు ఉచితమే, మరి బస్సు చార్జీ ఎవరిస్తారు?

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. కొత్తచెరువులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మేం కొందరం కూర్చొని మాట్లాడుకొని ఇది రాస్తున్నాం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. జ్వరమొస్తే ఎక్కడికి పోవాలో మా ఇంట్లోవాళ్ళకు తెలుసు. పాము కరిస్తే తెలుసు. మనసు బాగలేకపోతే యాడికి పోవాలో అడిగితే మాత్రం తండాలో పది మంది పది మాటలు చెప్తారు, అందులో ఒక్కటి కూడా ఆసుపత్రి కాదు.

ప్రభుత్వం మానసిక వైద్యం ఉచితం అంటోంది. అది అబద్ధమని మేం అనడం లేదు. కానీ ఆ ఉచితం మనకు చాలా దూరంలో ఉంది. దాని దగ్గరికి పోయి వచ్చే దుడ్లు, ఆ రోజు పోయే కూలి, నెలనెలా మాత్రల కోసం మళ్ళీ అదే దారి, ఇవేవీ ఏ చీటీలోనూ రాయరు. మనలాంటి ఇండ్లకు అసలు ఫీజు అదే.

మా హాస్టల్లో ఒక తమ్ముడి సంగతి చెప్తాం. పేరు, తండా చెప్పం. డిగ్రీ మొదటి సంవత్సరం. మొదట రాత్రిళ్ళు నిద్రపోవడం మానేశాడు, తర్వాత మెస్సుకు రావడం మానేశాడు, నెల తిరిగేసరికి స్నానం కూడా లేదు. ఒక మూల చూస్తూ కూర్చునేవాడు. వాళ్ళ నాయన బెంగళూరులో బేల్దారి పని. ఫోన్ చేస్తే వచ్చి తీసుకుపోయాడు. ఇంట్లో గాలి సోకిందన్నారు. మేకపోతు కోశారు, తాయత్తు కట్టారు. దీన్ని చూసి నవ్వేవాళ్ళు నవ్వొచ్చు, మేం నవ్వలేం. మంత్రం వేసే ఆయన తండాలోనే ఉంటాడు, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, మన భాషలో మాట్లాడతాడు, ఆధార్ అడగడు. ఆ పని చేసే డాక్టరు దగ్గర్లో ఉంటే జనం రారా?

తర్వాత ఎవరో చెబితే టౌనులో ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించారు. ఫీజు 500, మాత్రలు 1,800. రెండు నెలలు వాడితే నిద్ర పట్టింది, అన్నం తిన్నాడు. బాగైంది కదా, ఇంకెందుకు దుడ్లు అని ఆపేశారు. నెలన్నరకు మళ్ళీ మొదటికొచ్చింది. ఈ మాత్రలు నయమైనట్టు కనిపించగానే ఆపేవి కావు, డాక్టరు చెప్పిన దాకా వాడాల్సినవి. ఆ మాట వాళ్ళ నాయనకు చెప్పినా, మూడో నెల దుడ్లు యాడనుంచి తెస్తాడు?

చివరికి అనంతపురం సర్వజన ఆసుపత్రికి పోయారు. అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. చూశారు, మాత్రలు ఉచితంగానే ఇచ్చారు. అయినా ఖర్చు ఆగలేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కాబట్టి వాళ్ళమ్మకు టికెట్ లేదు. తమ్ముడికి, తోడు వచ్చిన చిన్నాయనకు ఉంది. ధర్మవరం మీదుగా పోవడం, రావడం, మధ్యాహ్నం భోజనం, ఇద్దరి కూలి పోవడం. నెలకొకసారి ఇదే. ఉచిత వైద్యానికి ఆ ఇంట్లో నెలకు 1,500 దాకా పోతోంది. ఈ లెక్క మేం నోట్‌బుక్కులో వేసి చూశాం.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు మనం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాం. కలెక్టరాఫీసు పుట్టపర్తికి వచ్చింది, సంతోషమే. మెడికల్ కాలేజీ, దాని ఆసుపత్రి మాత్రం అనంతపురంలోనే ఉండిపోయాయి. ఎర్రగడ్డ ఆసుపత్రి 2014లో తెలంగాణకు పోయింది. మన రాష్ట్రానికి ఉన్న పెద్ద మానసిక ఆసుపత్రి విశాఖపట్నంలో, అంటే మనకు రాష్ట్రం ఆ చివర. దానికంటే బెంగళూరు నిమ్హాన్స్ దగ్గర. మన వలస కూలీల పిల్లలు అక్కడికి పోతున్నది అందుకే. పైగా మన జిల్లా ఏజెన్సీ కాదు. మైదానంలో చెల్లాచెదురుగా ఉన్న తండాలు, ఎరుకల కాలనీలు, యానాది గుడిసెలు. పాడేరు వైపు అన్నలు ఐటీడీఏ అంటారు, మాకు ఆ గుమ్మం కూడా లేదు.

ఇది చేయలేని పనేం కాదు. రాయదుర్గం దాటితే బళ్ళారి. 1985 నుంచి 1990 దాకా ఆ జిల్లాలో నిమ్హాన్స్ వాళ్ళు ఒక పని చేసి చూపించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి, అవసరమైన మాత్రలు అక్కడే పెట్టి, మామూలు జబ్బులతో పాటే మనసు జబ్బులు కూడా చూసేలా చేశారు. దాన్ని చూసే 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదట మెదక్‌కు ఇచ్చారు. అంటే మన పక్క జిల్లాలో పుట్టిన పద్ధతి దేశమంతా తిరిగింది. నలభై ఏళ్ళయినా మన తండా నుంచి పోయినవాళ్ళు నెల మాత్రల కోసం అనంతపురం బస్సు ఎక్కుతున్నారు.

చట్టం కూడా మన పక్షానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 18వ సెక్షన్ చదవండి, మన గ్రూపులో లా చదివే అక్కలు ఉన్నారు కదా, వివరంగా చెప్తారు. పేదరికంలో ఉన్నవాళ్ళకు ప్రభుత్వ మానసిక వైద్యం పూర్తిగా ఉచితం, కార్డు ఉన్నా లేకపోయినా. ప్రతి జిల్లాలో కనీస సేవలు ఉండాలి. లేకపోతే ఆ జిల్లాలోనే వేరే చోట చూపించుకోవచ్చు, ఖర్చు ప్రభుత్వం భరించాలి. అత్యవసర మందుల జాబితాలో ఉన్న మాత్రలు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైన ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. అనంతపురంలో రాసిన చీటీకి మన దగ్గరి ఆసుపత్రిలో మాత్రలు ఇవ్వమని అడగడం అందుకే దయ అడుక్కోవడం కాదు. జనాభాకు తగినంత మంది మానసిక వైద్య సిబ్బంది ఉండేలా పదేళ్ళలో ప్రయత్నం చేయాలని కూడా రాశారు. ఆ పదేళ్ళు 2028 మే నెలకు అయిపోతాయి.

ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంది కదా అని కొందరు అంటారు. అది ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు. మనవాళ్ళకు ఎక్కువగా కావాల్సింది ఓపీ, మాత్రలు, మాట్లాడే మనిషి. దానికి ఆ కార్డు పనికిరాదు.

ఇక హాస్టళ్ళ సంగతి. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసులో, సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్పింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. తక్కువ ఉంటే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో అందరికీ కనిపించేలా రాయాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ. ఎస్సీ, ఎస్టీ పిల్లలతో చిన్నచూపు లేకుండా ఎలా మెలగాలో కూడా ఆ శిక్షణలో ఉండాలన్నారు. మీ హాస్టల్ గోడ మీద ఏం రాసి ఉందో ఒకసారి చూడండి. మాకు కనిపించింది మెస్సు మెనూ, ఫీజు గడువు.

ఆ నంబరు 14416. టెలి మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైంది. డబ్బులు పడవు, 24 గంటలు, తెలుగులో మాట్లాడతారు. అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. నిద్ర పట్టకపోయినా, పరీక్ష భయమైనా, బతకాలనిపించకపోయినా చేయొచ్చు, మీ ఫ్రెండ్ కోసం మీరు కూడా చేయొచ్చు. మాకున్న ఇబ్బంది ఏమంటే హాలులో పన్నెండు మంది పడుకునే చోట ఎవరు మాట్లాడతారు? మిద్దె మీదికి పోతే వాచ్‌మన్ కిందికి దిగమంటాడు. హాస్టల్‌కు ఒక చిన్న గది, తలుపు వేసుకునేది, దానికి అదనంగా పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఇంకోటి, మన యాడీలు తెలుగులో సంతలో బేరం చేస్తారు గానీ కడుపులో బాధ గోర్ బోలీలోనే చెప్పుకుంటారు. ఆసుపత్రిలో ఆ భాష వచ్చిన ఆశా కార్యకర్త పక్కన ఉంటే సగం పని అవుతుంది.

కొందరికి పోలీసు భయం. ప్రాణం తీసుకోబోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకుపోతే కేసు అవుతుందని దాచిపెడతారు. అదే చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. వైద్యం వివరాలు బయటపెట్టకూడదని 23వ సెక్షన్ ఉంది. ఇది మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి, మీ మాటే వింటారు.

చందా వేసుకొని ఆ తమ్ముడి బస్సు చార్జీ ఇద్దామని మాలో కొందరు అన్నారు. రెండు నెలలు ఇచ్చాం కూడా. కానీ ఇంకో తమ్ముడు వస్తే? చందా మంచిదే, అది చూసి ఆఫీసులు చల్లగా కూర్చోకూడదు.

పుట్టపర్తి కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు. అర్జీలో మేం రాసినవి ఇవి: నెలకు ఒక్క రోజైనా మానసిక వైద్య డాక్టరు మన వైపు రావాలి, మాత్రలు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఇవ్వాలి, అంతదాకా రోగికి, తోడుకు బస్సు చార్జీ ఇవ్వాలి, హాస్టళ్ళకు కౌన్సెలర్‌ను పెట్టాలి. వచ్చే సోమవారం పొద్దున 9 గంటలకు కొత్తచెరువు బస్టాండులో ఉంటాం. రాలేనివాళ్ళు మీ మండలం ఆసుపత్రిలో ఈ మాత్రలు దొరుకుతాయో లేదో అడిగి రాసి పంపండి. జబ్బు ఉన్నవాళ్ళ పేర్లు మాత్రం రాయొద్దు.