ఇంటి ముచ్చట్లు: పళ్లెం మీది పువ్వులు



క్రిందటి నెలలో మేము ప్రగతి నగర్‌లోని మా అబ్బాయి ఫ్లాటుకు మారాం. సామాను సర్దుతుంటే మా పెళ్లికి మేనమామగారు ఇచ్చిన నిర్మల్ కొయ్య పళ్లెం బయటపడింది. నల్లని పూత మీద బంగారు రంగు తీగలు, పువ్వులు. అంచున ఒకచోట రంగు ఊడి కొయ్య కనబడుతోంది. తప్పు నాదే. కొత్త కాపురంలో స్టీలు పళ్లెం తోమినట్టు పీచుతో తోమేశాను!

"అత్తయ్యా, పాత సామాన్లవాడికి వేసేద్దామా?" అంది కోడలు. నాకు వెంటనే జవాబు రాలేదు.

నిర్మల్ పట్టణం వెనుక ఆదిలాబాదు జిల్లాలో ఉండేది, 2016 నుండి అదే జిల్లా కేంద్రం. అక్కడి నకాషీ పనివారు తేలికైన పొనికి కర్రతో బొమ్మలు చేస్తారు. ముక్కలను రంపపు పొట్టు, చింతగింజల బంక కలిపిన ముద్దతో అతికి, నునుపుచేసి, తెల్లసుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. పూర్వం ఆకు పసరులతో, రంగు రాళ్లతో చేసుకున్న రంగులు, ఇప్పుడు ఎక్కువగా అంగడి రంగులే. పళ్లేల మీద, పలకల మీద చిత్రాలు వేయడమూ వారి పనే. చేతికి దొరికే పొనికి కర్ర తగ్గిపోవడం వారికి పెద్ద బెంగ.

ఇలాంటి పనే చలిదేశమైన నార్వేలోనూ ఉంది. దాని పేరు రోసమాలింగ్. పూర్వం అక్కడి పల్లె ఇళ్లలో నట్టింట నెగడు, పొగ పోవడానికి పైకప్పులో కన్నం. గోడలన్నీ మసి. ఇక బొమ్మలు ఎక్కడ వేస్తారు? పొగగొట్టాలు వచ్చాక, 1700ల నాటికి, గోడలకూ పెట్టెలకూ రంగుల యోగం పట్టింది. దేవాలయాల్లో పల్పిట్ మీద, బలిపీఠం మీద చూసిన ఆకుల మెలికలను పల్లె చిత్రకారులు తమ చేతివాటానికి మార్చుకున్నారు. తర్వాత లక్షలాదిగా అమెరికాకు వలసపోయినవారు బట్టలు పెట్టుకున్నది ఆ పువ్వుల పెట్టెల్లోనే. అక్కడ ఆ పని మూలపడితే, విస్కాన్సిన్‌లోని స్టౌటన్ ఊళ్లో పెర్ లిస్నే అనే ఆయన 1930లలో మళ్లీ పైకి తెచ్చాడు. ఆయన బండ్ల కంపెనీలో బండ్లకు రంగులు వేసిన మనిషి! ఆ పని తగ్గాక పళ్లేల మీద పువ్వులు వేశాడు.

మరి మన పనివారి సంగతి? ఒకసారి నాంపల్లి నుమాయిష్‌లో నిర్మల్ పళ్లెం ఒకటి బేరమాడాను. సగానికి అడిగాను. అమ్మే ఆయన కోపగించుకోలేదు. "ఒక్కో పూత ఆరాలమ్మా, తర్వాతే ఇంకో పూత" అన్నాడు, అంతే. నేను కొనకుండానే వచ్చేశాను. ఆ సాయంత్రమే హోటల్లో పిల్లల ఐస్‌క్రీములకు అంతకన్నా ఎక్కువ ఖర్చుపెట్టాను, బేరం లేకుండా. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకే చెబుతున్నాను.

మీ ఇళ్లలో ఇలాంటివి ఉంటే నీళ్లు, సబ్బు తగలనివ్వకండి. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఎండ తగలని చోట ఉంచండి.

కోడలికి ఇదంతా చెప్పాను. పళ్లెం ఇప్పుడు హాల్లో గోడకు ఉంది. అంచుకు రంగు వేయిస్తానంది. నేనే వద్దన్నాను. వచ్చే నుమాయిష్‌కు ఇద్దరం కలిసి వెళ్లాలనుకున్నాం.